పిల్లల బరువు, అమ్మానాన్నల ఫోను: మీ ప్రశ్నలు, మా జవాబులు

విశాఖ పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం అడిగాయి. బరువు ఎక్కువున్న పిల్లల కోసం ఫోన్‌లో ఏ యాప్ పెట్టుకోవాలి, దాన్ని ఎలా వాడాలి? పిల్లల వైద్యులు, పోషకాహార నిపుణులు కలిసి రాసిన జవాబులివి.

ప్రశ్న: మా బాబుకి మొన్ననే 9 ఏళ్లు నిండాయి. బరువు 38 కిలోలు, ఎత్తు 130 సెంటీమీటర్లు. బీఎంఐ యాప్‌లో వేస్తే 22.5 వచ్చింది, పక్కనే పచ్చరంగులో ‘నార్మల్’ అని చూపించింది. బడిలో ఆరోగ్య పరీక్ష చేసినవాళ్లు మాత్రం ఊబకాయం అని రాసిచ్చారు. మా అత్తగారేమో ‘ఎదిగే పిల్లాడు, దిష్టి పెట్టకండి’ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఓ తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: బడివాళ్లు రాసిందే సరైనది. యాప్ చేసిన లెక్క తప్పు కాదు. బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. 38ని 1.3తో రెండుసార్లు భాగిస్తే 22.5 వస్తుంది. తప్పంతా ఆ పచ్చరంగులో ఉంది. అది పెద్దవాళ్లకు గీసిన గీత. పిల్లల్లో బీఎంఐ వయసుతోపాటు మారుతుంది, ఆడపిల్లలకు మగపిల్లలకు వేరుగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 9 ఏళ్లు నిండిన మగపిల్లాడికి నడిమి అంకె 16. అది 17.9 దాటితే అధిక బరువు, 20.5 దాటితే ఊబకాయం. మీ బాబు 22.5 దగ్గర ఉన్నాడు.

కాబట్టి ఏ యాప్ అయినా పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది అడగకుండా బీఎంఐ చెప్పేస్తుంటే అది పిల్లలకు పనికిరాదు, తీసేయండి. భారతీయ పిల్లల వైద్యుల సంఘం, అంటే ఐఏపీ, 5 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం 2015లో మన దేశపు గ్రోత్ చార్టులు, అంటే ఎదుగుదల గీతల పట్టికలు, ఇచ్చింది. మన పిల్లల్లో తక్కువ బరువుకే షుగరు, బీపీ ముప్పు మొదలవుతుంది కనుక అందులో అధిక బరువు, ఊబకాయం గీతలను పెద్దల 23, 27 బీఎంఐలకు సరిపోయేలా గీశారు. ఆ సంఘం గ్రోత్ చార్ట్ యాప్ కూడా ఉంది. చాలామంది పిల్లల డాక్టర్లు వాడేవి ఆ చార్టులే. 5 ఏళ్లలోపు పిల్లలకు ఈ చార్టులు వాడకూడదు, వాళ్లకు ఎత్తుకు తగ్గ బరువు చూసే పట్టికలు వేరే ఉన్నాయి. అంగన్‌వాడీలో అడిగితే చూసి చెబుతారు.

ఇక కొలత విషయం. యాప్‌లో చెత్త అంకె వేస్తే చెత్త గీతే వస్తుంది. 130కి బదులు 129 అని వేసినా మీ బాబు బీఎంఐ 22.5 నుంచి 22.8కి ఎగబాకుతుంది. అందుకే ఎత్తు ఇలా కొలవండి: కింద అంచుపట్టీ లేని గోడ చూసుకుని చెప్పులు, మేజోళ్లు విప్పించి నిలబెట్టండి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనాలి, చూపు నేరుగా ముందుకు ఉండాలి. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒక అంచును గోడకు ఆనించి, తల మీదికి దించి, దాని అడుగున పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కుట్టుపనివాళ్ల టేపు సాగిపోతుంది, ఇనుప టేపుతోనే కొలవండి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోండి. ఫోన్ కెమెరాతో ఎత్తు చెప్పే యాప్‌లను ఈ పనికి నమ్మొద్దు. బరువుకు డిజిటల్ మిషన్‌ని చాప మీద, పరుపు మీద కాకుండా నేల మీద పెట్టి, పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్ ముందు, పలచటి బట్టలతో తూచండి. ఎప్పుడూ అదే మిషన్.

బరువు రెండు వారాలకోసారి, ఎత్తు మూడు నెలలకోసారి చాలు. రోజూ తూస్తే కనిపించేది నీళ్లు, మలబద్ధకం, రాత్రి తిన్న పులిహోర తేడాలే తప్ప కొవ్వు కాదు. అక్కచెల్లెళ్ల ముందు, చుట్టాల ముందు తూచకండి. అంకెను గట్టిగా చదవొద్దు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది: ఎన్ని కిలోలు తగ్గించాలి? మీ బాబు వయసులో, వేరే జబ్బు లేకపోతే, తగ్గించక్కర్లేదు, ఆపితే చాలు. ఏడాదిలో 6 సెంటీమీటర్లు పెరిగి బరువు 38 దగ్గరే నిలిస్తే బీఎంఐ 20.5కి దిగుతుంది. 10 ఏళ్ల మగపిల్లాడికి ఊబకాయం గీత 21.4. అంటే ఒక్క కిలో తగ్గకుండానే ఆ గీత కిందికి వచ్చేస్తాడు. అత్తగారికి కూడా ఈ లెక్క చూపించండి. పిల్లాణ్ని కడుపు మాడుస్తారేమోనన్న భయంతోనే పెద్దవాళ్లు అడ్డుపడతారు. మాడ్చక్కర్లేదని తెలిస్తే వాళ్లే తోడొస్తారు.

కొన్ని లక్షణాలు మాత్రం ఏ యాప్‌కీ అందవు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారి రుద్దినా పోకపోవడం, గురకతోపాటు నిద్రలో ఊపిరి ఆగినట్లు అనిపించడం, దాహం, మూత్రం ఎక్కువ కావడం, బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోవడం. వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరుకు చూపించండి. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) పిల్లల విభాగంలోనైనా సరే. తుంటి లేదా మోకాలి నొప్పితో కుంటుతుంటే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి. బరువు ఎక్కువున్న పిల్లల్లో తొడ ఎముక పైభాగం జారే ప్రమాదం ఉంది, దాంతో నడిపించకూడదు.

ప్రశ్న: మా పాపకి 7 ఏళ్లు. ఏం తిన్నా కేలరీల యాప్‌లో ఎక్కిస్తున్నాను. పెసరట్టుకి ఒక యాప్‌లో ఒక అంకె, ఇంకోదాంట్లో ఇంకోటి. మా అమ్మ పెట్టే పులుసు ఏ యాప్‌లోనూ లేదు. వారానికే విసుగొచ్చేసింది. ఇంతకన్నా తేలిక దారి లేదా?
– ఓ పాఠకురాలు, మధురవాడ

జవాబు: ఉంది. ముందు, అంకెలు ఎందుకు కలవవో చెబుతాం. చెంచా నూనె అంటే దాదాపు 40 కేలరీలు. అదే పెసరట్టు ఒక ఇంట్లో ఒక చెంచాతో, ఇంకో ఇంట్లో మూడు చెంచాలతో కాలుతుంది. అక్కడికే 80 కేలరీల తేడా. లోపల ఉప్మా పెడితే ఇంకొంత. పళ్లెం ఫోటో తీస్తే లెక్క చెప్పే యాప్‌లకు కూడా నూనె కనిపించదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తెచ్చిన ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ మన వంటల మీద కట్టింది కాబట్టి విదేశీ యాప్‌ల కన్నా నయం. దాన్ని ఏ తిండిలో ఏముందో తెలుసుకోవడానికి వాడండి. పాప తినే ప్రతి ముద్దా ఎక్కించడానికి కాదు.

రోజువారీగా రాయాల్సింది కేలరీలు కాదు, అలవాట్లు. అలవాట్లకు టిక్కు పెట్టుకునే ఉచిత యాప్ ఏదైనా తీసుకోండి, అదీ లేకపోతే ఫోన్‌లోని నోట్స్ చాలు. మీ ఫోన్‌లోనే, పాప ఫోన్‌లో కాదు. అందులో ఇవి పెట్టుకోండి: తీపి పానీయం ఎన్నిసార్లు తాగింది, వేపుడు లేదా ప్యాకెట్ చిరుతిండి ఎన్నిసార్లు తింది, పండు, కూర తిన్నదా, చెమట పట్టేలా గంట ఆడిందా, తెర చూస్తూ ఎన్ని పూటలు తింది, రాత్రి ఎన్నింటికి పడుకుంది. రాయడానికి అర నిమిషం పడుతుంది. మొదటి రెండు వారాలు ఇంట్లో ఏదీ మార్చకుండా రాయండి. అందరూ చేసే పొరపాటు మొదటిరోజే అన్నీ మార్చేయడం. అలా చేస్తే అసలు ఎక్కడ తేడా ఉందో ఎప్పటికీ తెలియదు, పాప కూడా ఎదురు తిరుగుతుంది. రెండు వారాల తర్వాత ఎక్కువ టిక్కులు పడ్డ ఒక్కదాన్ని పట్టుకోండి. అది కుదురుకున్నాకే రెండోది.

చాలా ఇళ్లలో ముందు బయటపడేది తాగే తీపి. 7 నుంచి 9 ఏళ్ల పిల్లలకు భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, చెప్పే శక్తి రోజుకు 1700 కేలరీలు. బయటి నుంచి కలిపే చక్కెర అందులో పదో వంతు దాటకూడదని, ఇరవయ్యో వంతులోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే గరిష్ఠంగా 42 గ్రాములు, మంచిది 21 గ్రాములు. 250 మిల్లీలీటర్ల కోలాలో 26 గ్రాముల దాకా ఉంటుంది, ఒక్క సీసాతో ఆ 21 దాటిపోయింది. రెండు పూటలా పాలలో రెండేసి చెంచాల పంచదార వేస్తే ఇంకో 20. మాల్ట్ పొడి కలిపితే ఆ డబ్బా వెనక ‘చక్కెరలు’ అన్న వరస కూడా చదవండి, అందులో ఉన్నదాని మీద మళ్లీ పంచదార వేస్తున్నామని అప్పుడు తెలుస్తుంది. పాలలో పంచదార ఒక్కసారిగా మానిపిస్తే పాలే మానేస్తారు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. అనకాపల్లి బెల్లం వేసినా లెక్క అదే.

బార్‌కోడ్ స్కాన్ చేసే యాప్‌లు బిస్కెట్లు, చిప్స్ దగ్గర పనికొస్తాయి. అక్కడ జాగ్రత్త పడాల్సింది ‘ఒక సర్వింగ్’ అన్న మాట దగ్గర. కంపెనీ దృష్టిలో అది రెండు మూడు బిస్కెట్లు కావచ్చు, మన పిల్లలు ప్యాకెట్ ఖాళీ చేస్తారు. ఎప్పుడూ 100 గ్రాముల వరస చూసి, ప్యాకెట్ బరువుతో లెక్క కట్టుకోండి.

నూనెకు యాప్ అక్కర్లేదు. నెలకు ఎన్ని లీటర్లు కొంటున్నారో, ఇంట్లో ఎందరో చూడండి. నలుగురికి నెలకు 4 లీటర్లంటే తలకు రోజుకు దాదాపు 30 గ్రాములు, 270 కేలరీలు. ఇది బయట తిన్న బజ్జీ కాక. బెండకాయ వేపుడు మానక్కర్లేదు. ముక్కల్ని ముందు ఆరబెట్టి, మూకుడులో మూత లేకుండా తక్కువ నూనెతో వేయించినా జిగురు పోతుంది.

బడి నుంచి వచ్చాక సాయంత్రం నాలుగున్నర, ఆరు మధ్య వేళే గండం. ఆకలి నిజం, చేతికి దొరికేది పునుగులో నూడుల్సో. ఆ వేళకి ముందే ఏదో ఒకటి సిద్ధంగా ఉంచండి: ఉడికించిన సెనగలు, జామకాయ, ఉడికించిన మొక్కజొన్న, చోడిపిండి అట్టు, మరమరాల్లో ఉల్లి, టమాటా, వేరుశనగలు, నిమ్మరసం. రైతు బజారు నుంచి ఆదివారమే వారానికి సరిపడా తెచ్చుకుంటే సగం పని అయినట్లే. ఆదివారం ఆర్‌కే బీచ్‌కి వెళ్తే తినొద్దనకండి. ఒక్కటి ఎంచుకోమనండి. కాల్చిన మొక్కజొన్న పొత్తు అయితే ఇంకా సంతోషం.

ప్రశ్న: మా అమ్మాయికి 13. స్నేహితురాళ్లను చూసి తనంతట తానే కేలరీల యాప్ పెట్టుకుంది. రోజుకు 1200 దాటనని పట్టుబడుతోంది. అన్నం మానేసింది, పొద్దునా సాయంత్రం తూచుకుంటోంది. కొంచెం బరువు ఉన్న మాట నిజమే కాబట్టి మొదట సంతోషించాం. ఇప్పుడు భయంగా ఉంది.
– ఓ తండ్రి, గాజువాక

జవాబు: మీ భయం సరైనదే. 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లకు ఐసీఎంఆర్ లెక్క 2400 కేలరీలు. ఆమె అందులో సగం తింటోంది, అదీ ఎముకలు, రక్తం, నెలసరి కుదురుకునే వయసులో. ఇలాంటి యాప్‌లలో చాలావాటికి నిబంధనల ప్రకారం కనీస వయసు 18. పిల్లలు పుట్టిన సంవత్సరం మార్చి లోపలికి వెళతారు, యాప్ వాళ్లను పెద్దవాళ్లనుకుని లక్ష్యం ఇచ్చేస్తుంది.

ఫోన్ లాక్కుని తిట్టకండి. అలా చేస్తే దాచుకుని చేస్తుంది. పక్కన కూర్చుని, ఈ లెక్క పెద్దవాళ్లదని పై అంకెలతో చూపించి, ఇద్దరూ కలిసి యాప్ తీసేయండి. తీసేసే ముందు ఖాతాను కూడా డిలీట్ చేయించండి, లేకపోతే ‘నీ లక్ష్యం ఎదురుచూస్తోంది’ అంటూ మెయిళ్లు వస్తూనే ఉంటాయి. బరువు మిషన్ బీరువాలో పెట్టేయండి. ఇంట్లో ఎవరూ, సరదాకి కూడా, ‘లావు’ అన్న మాట అనకూడదు. పెళ్లిళ్లలో చుట్టాలు అంటే అక్కడే మాట మళ్లించండి. ఆమెకు విడిగా వండకుండా, ఇంటిల్లిపాదీ అదే భోజనం తినండి. పళ్లెంలో సగం కూరలు, పండు, మిగతా సగంలో అన్నం లేదా రొట్టె, పప్పు, గుడ్డు, చేప.

నెలసరి ఆగినా, కళ్లు తిరుగుతున్నా, జుట్టు రాలుతున్నా, తిన్న వెంటనే బాత్రూమ్‌లో తలుపేసుకుంటున్నా, అందరితో కలిసి తినడం మానేసినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. దీనికి మానసిక వైద్యం కూడా అవసరం పడుతుంది, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: బాబు రోజూ ఎంత నడుస్తున్నాడో తెలియడానికి చేతి బ్యాండ్ కొనాలా?
– పెందుర్తి నుంచి ఒకరు

జవాబు: అక్కర్లేదు. బ్యాండ్ చూపించే ‘ఖర్చైన కేలరీలు’ పెద్దలకే సరిగా ఉండవు. పిల్లలు చేయి ఊపి అడుగులు పెంచేస్తారు, ఈత, సైకిల్ అడుగుల లెక్కకు సరిగా అందవు, చెమటకు పట్టీ కింద దద్దుర్లు వస్తాయి. 5 నుంచి 17 ఏళ్లవాళ్లకు కావాల్సింది రోజుకు 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేంత ఆట. దాన్ని ఒకేసారి కాకుండా ఇరవయ్యేసి నిమిషాలుగానైనా చేయొచ్చు. ఫోన్‌లో టైమర్ చాలు. మన ఊరి ఉక్కపోతలో మధ్యాహ్నం ఆడించొద్దు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపే వేళ సైకిల్, సాయంత్రం శివాజీ పార్కు. వానాకాలంలో ఇంట్లో తాడాట, మెట్లు, తొక్కుడుబిళ్ల.

ప్రశ్న: మా మనవడికి 4 ఏళ్లు. ఫోన్ చూపిస్తేగాని ముద్ద మింగడు. కోడలు ఫోన్‌లో టైమ్ లిమిట్ యాప్ పెట్టింది. వాడు నా ఫోన్ తీసుకుంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఓ నానమ్మ, సీతమ్మధార

జవాబు: అమ్మా, తెర చూస్తూ తినే పిల్లాడికి కడుపు నిండిన సంగతి తెలియదు, అందుకే ఎక్కువ తింటాడు. 2 నుంచి 4 ఏళ్లవాళ్లకు తెర రోజుకు గంట దాటకూడదు, తక్కువైతే ఇంకా మేలు.

ఒక ఫోన్‌కి తాళం వేసి ఇంకో ఫోన్ తెరిచి ఉంచితే ఆ యాప్ వృథా. పిల్లల ఫోన్‌ని పెద్దలు అదుపులో పెట్టే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పని చేయాలంటే ఫోన్‌లో పిల్లాడి పేరుతో వేరే గూగుల్ ఖాతా ఉండాలి. పెద్దల ఖాతా ఉన్న మీ ఫోన్‌ని అది ఆపలేదు. కాబట్టి పాత ఫోన్ ఒకటి ఉంటే దాన్నే వాడికిచ్చి, అందులో పిల్లాడి ఖాతా తెరిచి, కోడలి ఫోన్ నుంచి రోజువారీ పరిమితి, రాత్రి ఎనిమిదిన్నర నుంచి పొద్దున ఆరున్నర దాకా విరామం పెట్టించండి. కొత్త యాప్‌కి అనుమతి అడిగేలా కూడా పెట్టించాలి. మీ ఫోన్‌కి పిన్ మార్చండి, వాడు చూస్తుండగా నొక్కకండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యూట్యూబ్‌కి టైమర్ పెట్టొచ్చు గాని, దాన్ని ఎవరైనా రెండు నొక్కుల్లో తీసేయగలరు. స్మార్ట్ టీవీ సంగతి మర్చిపోవద్దు, ఈ పరిమితులేవీ దానికి తగలవు.

భోజనం దగ్గర మొదటి వారం ఒక్క పూట మాత్రమే ఫోన్ తీసేయండి. మీరు ఎక్కువ ఓపికగా ఉండే పూట ఎంచుకోండి. మూడు నాలుగు రోజులు ఏడుస్తాడు, తక్కువ తింటాడు. బరువు ఎక్కువున్న పిల్లాడికి దానివల్ల ఏ నష్టమూ రాదు. అందరితోపాటు కూర్చోబెట్టి చిన్న ముద్దలు వాడి చేతికే ఇవ్వండి. అరగంట దాటితే పళ్లెం తీసేయండి, మళ్లీ పూట దాకా ఏమీ పెట్టొద్దు, బతిమాలొద్దు. కథ కావాలంటే మీరు చెప్పండి, తెర లేని కథ తిండికి అడ్డు కాదు.

ప్రశ్న: పిల్లల బరువు తగ్గిస్తామని, కోచ్ ఉంటాడని ఒక యాప్ నెలకు డబ్బు అడుగుతోంది. పిల్లాడి ఫోటోలు కూడా పెట్టమంటోంది. చేరమంటారా?
– ఓ పాఠకుడు, కంచరపాలెం

జవాబు: ఫోటోలు పెట్టొద్దు. ముందు, తర్వాత అంటూ చొక్కా లేని ఫోటోలు అసలే వద్దు. బరువుకు ఫోటోతో పని లేదు, లొకేషన్‌తో, ఫోన్‌లోని నంబర్లతో అంతకన్నా లేదు. అమెరికాలో కుర్బో అనే పిల్లల బరువు యాప్ తల్లిదండ్రుల అనుమతి లేకుండా 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు సేకరించిందని 2022లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు పెట్టింది. కంపెనీ 15 లక్షల డాలర్లు కట్టడానికి, ఆ వివరాలు చెరిపేయడానికి ఒప్పుకుంది. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది, వాళ్లను వెంటాడే ప్రకటనలు కూడదంటుంది. అనుమతి అడగకుండా పిల్లాడి ఖాతా తెరిచే యాప్‌ని అక్కడే వదిలేయండి.

ఫలితం మాటకొస్తే, స్వీడన్‌లో చిన్నపిల్లల తల్లిదండ్రులకు మినీస్టాప్ అనే యాప్ ఇచ్చి ఆరు నెలలు చూశారు. పిల్లలు తీపి పానీయాలు, చిరుతిళ్లు కొంత తగ్గించారు, తెర ముందు గడిపే సమయం కూడా తగ్గింది. బీఎంఐలో మాత్రం తేడా రాలేదు. కాబట్టి ‘నెలలో 5 కిలోలు’ అని హామీ ఇచ్చే యాప్ అబద్ధం చెబుతోంది, ఎదిగే పిల్లాడికి అంత వేగం ప్రమాదం కూడా. పొడులు, ‘డిటాక్స్’ పానీయాలు అమ్మే కోచ్ అయితే అటు చూడొద్దు. చేరాలనుకుంటే ఆ కోచ్ చదువేమిటో, పిల్లల డాక్టరు ఎవరైనా చూస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి. అదే డబ్బుతో మూడు నెలలకోసారి మీ డాక్టరు దగ్గర గ్రోత్ చార్టు వేయించుకోవచ్చు.

ఇప్పటికే ఉచిత ట్రయల్‌లో చేరి ఉంటే, యాప్ తీసేసినంత మాత్రాన డబ్బు కోత ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ఫోటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడ రద్దు చేయండి. యూపీఐతో కట్టి ఉంటే ఆ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి తనంతట తానే డబ్బు కోసుకోమని మీరిచ్చిన అనుమతి, ఆ మ్యాండేట్‌ని కూడా రద్దు చేయాలి. ట్రయల్ గడువు చివరి రోజుదాకా ఆగకుండా, కనీసం ఒక రోజు ముందే ఆ పని ముగించండి.